మెయిల్ సర్వర్ అప్‌గ్రేడ్‌కు ముందు

విశాఖలో అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. ఆఫీసు మెయిల్ సర్వర్‌ను డెబియన్ 13కి (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక వెర్షన్) మార్చేవాళ్లు ఆలోపే కానిచ్చేయండి. ముందు ఇవి చూసుకోండి.

• ఫైర్‌వాల్‌లో 25వ పోర్టు (బయటి సర్వర్ల నుంచి మెయిల్ వచ్చే దారి) మూసేయండి. మన సర్వర్ అందకపోతే మెయిల్ పంపే అవతలి సర్వర్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. అక్కడ ఉన్నది పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపే, అందుకునే ప్రోగ్రామ్) అయితే మామూలుగా 5 రోజులు. అదే, సెట్టింగులు చెరిగిపోయిన సర్వర్ తెరిచి ఉంటే 'ఈ యూజర్ లేరు' అని 550 కోడ్‌తో తిప్పికొడుతుంది. ఆ మెయిల్ ఇక రాదు.

• అప్‌గ్రేడ్ మధ్యలో పాత కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైలు) తీసి కొత్తది పెట్టాలా అని అడిగినప్పుడు ఉత్త ఎంటర్ కొడితే పాతదే ఉంటుంది. పోస్ట్‌ఫిక్స్‌కు అదే మేలు. డవ్‌కాట్‌కు (యూజర్లు తమ మెయిల్ తెరిచి చూసుకునేలా చేసే ప్రోగ్రామ్) మాత్రం కాదు: దాని 2.3 వెర్షన్ నాటి కాన్ఫిగ్‌తో డెబియన్ 13లో వచ్చే 2.4 స్టార్టే కాదు. మెయిల్ లొకేషన్ లాంటి సెట్టింగుల పేర్లే మారిపోయాయి. కొత్త ఫైలు ముందుగానే టెస్టు మెషీన్‌లో రాసి, నడిపి చూసుకోండి. అసలు పనంతా ఇక్కడే.

• పొరపాటున 'వై' (కొత్తది పెట్టు అని) కొడితే కంగారొద్దు, పాత ఫైలు '.డీపీకేజీ-ఓల్డ్' పేరుతో పక్కనే ఉంటుంది. అయినా సెట్టింగులన్నీ ఉండే ఈటీసీ ఫోల్డర్ మొత్తం వేరే మెషీన్‌లో కాపీ ఉండాల్సిందే.

• అప్‌గ్రేడ్‌ను టీమక్స్‌లోనే (మన కనెక్షన్ తెగినా సర్వర్‌లో పని నడుస్తూనే ఉండేలా చేసే ప్రోగ్రామ్) నడపండి. మీ వైపు నెట్ పోయినా అది మధ్యలో ఆగదు. కరెంటు సంగతి యూపీఎస్ చూసుకోవాలి.

• 25వ పోర్టు మళ్లీ తెరిచేముందు పోస్ట్‌ఫిక్స్‌లో 'మైనెట్‌వర్క్స్' (ఏ మెషీన్లు మన సర్వర్ ద్వారా బయటికి మెయిల్ పంపొచ్చో చెప్పే సెట్టింగు) విలువ సరిచూడండి. అది వదులైతే స్పామర్లకు దారి ఇచ్చినట్టే.