సర్వర్ ఫర్మ్‌వేర్‌ను అప్‌డేట్ చేయడం ఎలా?

ఫర్మ్‌వేర్ అంటే హార్డ్‌వేర్ చిప్‌లలోనే ఉండి దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్. సర్వర్ మోడల్ నంబరు, మేనేజ్‌మెంట్ కంట్రోలర్ (సర్వర్‌ను దూరం నుంచి నడిపించేందుకు అందులోనే ఉండే చిన్న కంప్యూటర్; డెల్ ఐడ్రాక్, హెచ్‌పీఈ ఐలో వంటివి) అడ్మిన్ పాస్‌వర్డ్, కేబుల్‌తో నెట్‌వర్క్‌కు కలిపిన ల్యాప్‌టాప్, రీస్టోర్ చేసి సరిచూసుకున్న బ్యాకప్ దగ్గర ఉంటే చాలు. వైఫై మీద ఈ పని పెట్టుకోకూడదు. ఫైలును తయారీదారు సైటు నుంచే దించుకుని, అక్కడ ఇచ్చిన ఎస్‌హెచ్‌ఏ-256 విలువతో (ఫైలు మారలేదని తేల్చే గుర్తు) పోల్చుకోవాలి. రిలీజ్ నోట్స్ పూర్తిగా చదవాలి. మధ్యలోని ఫలానా వెర్షన్ ముందు వేయాలనీ, ఒకసారి వేశాక పాతదానికి వెనక్కి వెళ్లడం కుదరదనీ చెప్పేది అక్కడే.

సర్వర్ మీద నడిచే వర్చువల్ మెషీన్లను వేరే నోడ్‌కు (క్లస్టర్‌లో, అంటే కలిసి పనిచేసే సర్వర్ల గుంపులో, మరో సర్వర్‌కు) తరలించాలి. బయోస్ (యంత్రాన్ని బూట్ చేసే మూల ఫర్మ్‌వేర్) సెట్టింగులను ఎగుమతి చేసి దాచుకోవాలి. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఉంటే తాత్కాలికంగా నిలిపివేయాలి, లేకపోతే టీపీఎం (భద్రతా చిప్) నమోదు చేసే బూట్ కొలతలు మారి 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. మామూలుగా ఒక్క రీబూట్ కాగానే ఆ రక్షణ తనంతట తానే తిరిగి మొదలవుతుంది కనుక రీబూట్ల సంఖ్యను పెంచి పెట్టుకోవాలి.

అప్‌డేట్‌కు ముందు సర్వర్‌ను ఒకసారి ఊరికే రీబూట్ చేయాలి. దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. నెలల తరబడి ఆగకుండా నడిచిన యంత్రంలో పాడైన మెమరీ మాడ్యూలో, డిస్కో ఉంటే అది రీబూట్‌లోనే బయటపడుతుంది. ముందే చూసుకోకపోతే ఆ తప్పు కొత్త ఫర్మ్‌వేర్ మీద పడి, లేని లోపం కోసం రాత్రంతా వెతకవలసి వస్తుంది.

మొదట మేనేజ్‌మెంట్ కంట్రోలర్, తర్వాత బయోస్, ఆపైన రెయిడ్ కంట్రోలర్ (డిస్కులను కలిపి నడిపించేది), నెట్‌వర్క్ కార్డులు. నోట్స్‌లో వేరే క్రమం చెబితే తప్ప ఇదే పాటించాలి. అన్నిటినీ ఒకే గుత్తగా వేసే సాధనాలు ఉన్నాయి గానీ వాటిని వాడకూడదు. ఏదైనా చెడినప్పుడు ఏ ఫైలు వల్ల చెడిందో చెప్పలేము. ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి నుంచి వేయడం కంటే కంట్రోలర్ ద్వారా వేయడమే మేలు, ఎందుకంటే డ్రైవర్ల తకరారు ఉండదు, సిస్టమ్ బూట్ కాకపోయినా కంట్రోలర్ పలుకుతుంది.

ఇక అసలు జాగ్రత్త బయోస్ దగ్గర. ఫైలు ఎక్కించి రీబూట్ ఇచ్చాక తెర నల్లగా మారుతుంది, ఫ్యాన్లు పూర్తి వేగంతో హోరెత్తుతాయి, పింగ్‌కు జవాబు రాదు, కాసేపటికి యంత్రం తనంతట తానే మళ్లీ రీస్టార్ట్ అవుతుంది. ఇదంతా సహజం. ఫ్లాష్ చిప్‌లో రాత పూర్తయ్యాక మెమరీని కొత్తగా సరిచూసుకునే దశ ఉంటుంది. మెమరీ ఎక్కువగా ఉన్న సర్వర్లలో దానికే చాలా నిమిషాలు పడుతుంది. తెర నల్లగా ఉన్న ఈ సమయంలోనే ఎవరో ఒకరు ఓపిక నశించి పవర్ బటన్ నొక్కుతారు, రాత ఇంకా పూర్తి కాకపోతే అది మధ్యలో తెగిపోయి మదర్‌బోర్డు పనికిరాకుండా పోవచ్చు.

తెరను నమ్మవద్దు, కంట్రోలర్ లాగ్‌ను చూడండి. కంట్రోలర్ స్టాండ్‌బై కరెంటుతో నడుస్తుంది కనుక తెర నల్లగా ఉన్నా అది పనిచేస్తూనే ఉంటుంది. అప్‌డేట్ జాబ్ ఎంత శాతం వరకు వచ్చిందో, పోస్ట్ కోడ్ (బూట్ పరీక్ష ఏ దశలో ఉందో చూపే కోడ్) మారుతోందో లేదో అందులో తెలుస్తుంది. కోడ్ మారుతున్నంత కాలం చేయి పెట్టకండి. గంట గడిచినా అదే కోడ్ దగ్గర నిలిచిపోతే ముందు తయారీదారు సపోర్టుకు ఫోన్ చేయండి. చాలా మోడళ్లలో కంట్రోలర్ ద్వారానే బయోస్‌ను తిరిగి రాయవచ్చు, ప్లగ్ పీకవలసిన అవసరం రాదు. కంట్రోలర్ తనను తాను అప్‌డేట్ చేసుకునేటప్పుడు మాత్రం దాని పేజీ కూడా మాయమవుతుంది. అప్పుడు ఫైలును మళ్లీ ఎక్కించకుండా, అది తిరిగి వచ్చేదాకా ఆగి, బ్రౌజర్ క్యాష్ తుడిచి లాగిన్ కావాలి.

సర్వర్ లేచాక వెర్షన్లు, బూట్ మోడ్, వర్చువలైజేషన్ సెట్టింగు, రెయిడ్ స్థితి, నెట్‌వర్క్ లింక్ వేగం దాచుకున్న ఫైలుతో సరిచూసి, బిట్‌లాకర్‌ను తిరిగి ఆన్ చేయాలి. క్లస్టర్‌లో తర్వాతి నోడ్‌ను అదే రోజు ముట్టుకోకూడదు. మొదటిది ఒక పూర్తి పనిదినం అసలు లోడ్‌తో నడిచి, లాగ్ శుభ్రంగా ఉంటేనే రెండోదాన్ని మొదలుపెట్టాలి.