చెకుముకి రవ్వను పట్టే బొగ్గు తునకలు: తయారుచేసే పద్ధతి

చెకుముకి రాయిని ఉక్కుతో కొట్టినప్పుడు రాలే రవ్వ నిజానికి రాతిలోంచి పుట్టదు. పదునైన రాతి అంచు ఉక్కును గీరగా ఊడిన సన్నని రజను గాలి తగిలి మండటమే ఆ రవ్వ. చూడటానికి ఎంత మెరిసినా అందులో ఉండే వేడి చాలా తక్కువ కాబట్టి, అది ఎండుగడ్డి మీదో మామూలు దూది మీదో పడితే మరుక్షణంలో ఆరిపోతుంది. అదే రవ్వ, గాలి అందకుండా ముందే మాడ్చి ఉంచిన పుచ్చుకర్ర మీద పడితే ఎర్రని చుక్కగా నిలిచి, మంట లేకుండానే మెల్లగా చుట్టూ పాకుతుంది.

కలపనైనా నూలునైనా వేడిచేసినప్పుడు సుమారు 250 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ మధ్య అందులోని పదార్థం చాలావరకు విడిపోయి, ఆవిరిగా, పొగగా బయటికి పోతుంది. ఆ సమయంలో గాలి అందకపోతే మిగిలిన కర్బనం బూడిద కాకుండా, కంటికి కనిపించని రంధ్రాలతో నిండిన తేలికైన బొగ్గుగా నిలిచిపోతుంది. ఈ పని అంతటికీ గాలిని అదుపు చేయడమే ఆయువుపట్టు.

పుచ్చుకర్రను ఎంచుకోవడంలో కొంత ఓపిక అవసరం. ఎండి నిలిచిన మానులోనో, నేలకు తగలకుండా పడి ఉన్న కొమ్మలోనో లేత రంగుకు తిరిగి, చేతిలోకి తీసుకుంటే బెండులా తేలిపోతూ, బొటనవేలి గోరు నొక్కితే సులువుగా దిగేది సరైన కర్ర. గోరు దిగకపోతే అది ఇంకా గట్టి కలపే. దాన్ని మాడ్చినా వంటచెరకు బొగ్గు వస్తుందే తప్ప రవ్వను పట్టదు. తడిసి మట్టిలో కలిసిపోయే దశకు చేరినదీ పనికిరాదు. పుచ్చుకర్ర దొరకని చోట నూలు బట్ట ముక్కలు, జనపనార, మొక్కల కాండాల లోపలి బెండు వాడవచ్చు. నమ్మకంగా రవ్వను పట్టడంలో నూలు బట్టదే పైచేయి అయినా, ఎక్కువసేపు నిప్పును నిలిపి ఉంచడంలో పుచ్చుకర్ర మేలని నా అభిప్రాయం. పాలిస్టర్ కలిసిన బట్ట కరిగి ముద్దవుతుంది కాబట్టి దాని జోలికి పోకూడదు.

మూత ఉన్న చిన్న రేకు డబ్బా తీసుకుని, దానిమీద రంగు ఉంటే ముందుగా ఆరుబయట ఖాళీగా కాల్చి పోగొట్టాలి. మూతకు సన్నని మేకుతో ఒకే ఒక రంధ్రం చేయాలి. రంధ్రం లేకుండా గట్టిగా బిగించిన డబ్బా లోపలి ఆవిరి ఒత్తిడికి పగిలిపోయే ప్రమాదం ఉంది. బాగా ఎండిన ముక్కలను వేలి మందాన కోసి, కుక్కకుండా వదులుగా పేర్చి మూత పెట్టి, నిప్పుల మీద ఉంచాలి. ఈ పొగలో విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉంటుంది కనుక ఇంటి లోపల ఈ పని చేయనే కూడదు; పక్కన నీళ్లు సిద్ధంగా ఉంచుకోవాలి.

మొదట తెల్లని ఆవిరి, ఆ తర్వాత దట్టమైన పొగ రంధ్రంలోంచి ధారగా వస్తుంది. ఒక్కోసారి ఆ పొగకు నిప్పంటుకుని రంధ్రం దగ్గర చిన్న మంట లేస్తుంది, దానికి కంగారుపడనక్కర్లేదు. ముక్కల మందాన్ని, నిప్పుల వేడిని బట్టి పట్టే సమయం మారుతుంది కాబట్టి గడియారాన్ని కాక పొగను చూడాలి. పొగ పలచబడి పూర్తిగా ఆగిన వెంటనే డబ్బాను పటకారుతో దించి, రంధ్రాన్ని సన్నని పుల్లతో మూసేయాలి. చాలామంది దగ్గర పని చెడేది ఇక్కడే: ఆత్రంగా మూత తీస్తే గాలి దూరి లోపలి ముక్కలన్నీ ఒక్కసారిగా రాజుకుని, చూస్తుండగానే బూడిదైపోతాయి. డబ్బా చేతికి పూర్తిగా చల్లగా తగిలేదాకా ఆగాలి.

సరిగా మాడిన ముక్క నిండా నల్లగా ఉండి, ఆకారం చెడకుండా, అంచును నొక్కితే మాత్రం వేలికి నుసి అంటుతుంది. గోధుమ రంగు మిగిలి ఉంటే డబ్బాను మళ్లీ నిప్పుల మీద పెట్టాలి. తాకగానే పొడిగా రాలిపోతే ఎక్కువ మాడిందని అర్థం.

డబ్బా లేనప్పుడు పుచ్చుకర్ర కొనను నిప్పులో పెట్టి, పైభాగం ఎర్రగా రాజుకున్నాక పొడి ఇసుకలో పూడ్చి ఆర్పవచ్చు. ఆ నల్లని కొనే మరుసటిసారికి పనికొస్తుంది, కాకపోతే బొగ్గు పొర పలచగా ఉంటుంది.

వాడేటప్పుడు ముక్కను చెకుముకి రాయి పదునైన అంచుకు ఆనించి పైన పట్టుకుని, ఉక్కును ఏటవాలుగా కిందికి రాసుకుంటూ కొట్టాలి. రవ్వ పట్టి ఎర్రచుక్క కనిపించగానే మెత్తగా నలిపిన ఎండు నార మధ్యలో దాన్ని పెట్టి, మంట లేచేదాకా నిదానంగా ఊదాలి. ఈ బొగ్గు గాలిలోని తేమను త్వరగా పీల్చుకుంటుంది కనుక మిగిలిన ముక్కలను గాలి చొరని డబ్బాలో దాచాలి. మెత్తబడినట్టు అనిపిస్తే, వాడేముందు కాసేపు ఎండలో ఉంచితే మళ్లీ రవ్వను పడతాయి.