సెలవుల ఇంటికి వస్తూ మధ్యలో విమానం తప్పిపోతోందా? సమస్య - పరిష్కారం

గోపాల్‌పూర్ సముద్రం ఒడ్డునో, ఛత్రపురంలోనో, పర్లాకిమిడిలోనో ఒక ఇల్లు ఉంచుకుని, ఏడాదికి ఒకటి రెండు సార్లు సెలవులకు వచ్చిపోయే కుటుంబాలు మన ఒడిశా గంజాం, గజపతి జిల్లాల తెలుగువాళ్ళలో చాలా ఉన్నాయి. పిల్లలు గల్ఫ్‌లో, అమెరికాలో, కొచ్చిలో, పుణేలో ఉంటారు. వాళ్ళు దిగవలసింది భువనేశ్వర్‌లో, లేదంటే విశాఖలో. నేరుగా విమానం లేని ఊరి నుంచి బయలుదేరితే హైదరాబాద్, ఢిల్లీ, ముంబై, కోల్‌కతాల్లో ఎక్కడో ఒకచోట మారాలి. వ్యవహారం చెడేది ఆ మారే చోటే. బరంపురంలో చుట్టాలకూ వీధివాళ్ళకూ టికెట్లు చూసిపెట్టే పని నాది కాబట్టి, చెడినప్పుడు ఫోను కూడా నాకే వస్తుంది.

టికెట్ కొనడం, వెబ్ చెక్ఇన్ చేయడం, సీటు ఎంచుకోవడం మీకు తెలిసినవే. వాటి జోలికి పోను.

సమస్య: మొదటి విమానం ఆలస్యమైంది, రెండోది వెళ్ళిపోయింది, కౌంటర్‌లో "మాకు సంబంధం లేదు" అన్నారు

ఎవరు ఫోను చేసినా నేను మొదట అడిగేది ఒక్కటే: టికెట్ మీద పీఎన్ఆర్ ఒకటా, రెండా? పది క్షణాల్లో తేలిపోయే విషయం. అయినా చూసుకుని వచ్చినవాళ్ళు తక్కువ. "ఒకేసారి డబ్బు కట్టాం కదండీ, ఒకే బుకింగ్ నంబరు ఉంది కదండీ" అంటారు. బుకింగ్ నంబరు టికెట్ అమ్మిన వెబ్‌సైట్‌ది. విమాన సంస్థ ఇచ్చే ఆరు అక్షరాల పీఎన్ఆర్ వేరు. సాధారణంగా రెండు ప్రయాణాలకూ అదే పీఎన్ఆర్ ఉంటేనే అది కనెక్టింగ్ టికెట్. రెండు ఉంటే, మీరు కొన్నవి ఒకదానితో ఒకదానికి పొత్తు లేని రెండు టికెట్లు. మొదటి విమానం ఎంత ఆలస్యంగా వచ్చినా రెండో సంస్థ దృష్టిలో మీరు సమయానికి రాని ప్రయాణికులే.

పీఎన్ఆర్ ఒకటే అయితే, ఆలస్యం వల్ల రెండోది తప్పిపోయినప్పుడు తర్వాతి విమానంలో చోటు చూపించవలసింది సంస్థే. నేరుగా వాళ్ళ ట్రాన్స్‌ఫర్ కౌంటర్‌కు వెళ్ళండి. బయటికి వచ్చి కొత్త టికెట్ కొనకండి.

రెండు పీఎన్ఆర్‌లైతే సామాను దించుకుని, బయటికి వచ్చి, మళ్ళీ చెక్ఇన్ చేయాలి. దేశీయ విమానాలకు కౌంటర్ సాధారణంగా 60 నిమిషాల ముందు మూసేస్తారు. కాబట్టి కాగితం మీద రెండున్నర గంటలు కనిపిస్తే మీ చేతిలో ఉన్నది గంటన్నరే. అందులోనే బెల్టు దగ్గర సామాను కోసం నిలబడాలి. సామాను బరువు సంగతి మరొకటి. గల్ఫ్ నుంచి 30 కిలోలతో వచ్చినవాళ్ళకు దేశీయ టికెట్ మీద సాధారణంగా ఉండేది 15 కిలోలు. మిగతా దానికి అక్కడికక్కడ డబ్బు కట్టాలి, ఆ కట్టే వరుసలో ఇంకో అరగంట పోతుంది.

కొనేముందే ఒకే పీఎన్ఆర్ ఉన్న టికెట్ తీసుకోండి. వెయ్యి, రెండు వేలు ఎక్కువైనా సరే. తప్పనిసరై రెండు తీసుకుంటే మధ్యలో ఐదారు గంటలు ఉంచండి, రెండోది ఆ రోజు ఆఖరి విమానం కాకుండా చూడండి.

సమస్య: పీఎన్ఆర్ ఒకటే, మధ్యలో చాలినంత సమయం ఉందనుకునే కొన్నాం, అయినా తప్పిపోయింది

ఇదే అసలు దొంగ కారణం. ఇంత తెలిసినవాళ్ళను కూడా దెబ్బతీస్తుంది కాబట్టి వివరంగా చెబుతాను.

సెలవుల ఇంటికి వచ్చేవాళ్ళు టికెట్లు నెలల ముందే కొంటారు. డిసెంబరు ప్రయాణానికి ఆగస్టులో, మే ప్రయాణానికి జనవరిలో. విమానాల వేళలు మాత్రం ఏడాదికి రెండుసార్లు మారతాయి. మార్చి చివరి ఆదివారం నుంచి వేసవి పట్టిక, అక్టోబరు చివరి ఆదివారం నుంచి శీతాకాలపు పట్టిక. మీరు టికెట్ కొన్న రోజుకూ ప్రయాణం రోజుకూ మధ్య ఈ ఆదివారం ఒకటి పడిందంటే, మీరు కొన్న వేళలు మీరు ఎక్కే వేళలు కాకపోవచ్చు. ఐరోపా, అమెరికాల్లో గడియారాలు గంట ముందుకూ వెనక్కూ జరిపేది కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే. అక్కడి నుంచి వచ్చేవాళ్ళకు ఆ తేడా కూడా తోడవుతుంది.

వేళ ఒక్కసారిగా మూడు గంటలు మారితే ఎవరైనా గమనిస్తారు. ప్రమాదం చిన్న చిన్న మార్పులతోనే. మా పిన్నిగారి అబ్బాయి కుటుంబం కొచ్చి నుంచి హైదరాబాద్ మీదుగా భువనేశ్వర్‌కు టికెట్లు కొన్నారు. హైదరాబాద్‌లో 11.40కి దిగి 1.30కి ఎక్కాలి. మధ్యలో గంటా యాభై నిమిషాలు, హాయిగా సరిపోతుంది. తర్వాత మొదటి విమానం దిగే వేళ 12.05 అయింది. కొన్ని వారాలకు రెండో విమానం 1.10కి జరిగింది. చివర్లో మొదటిది మరో పావుగంట జరిగి 12.20 అయింది. విడివిడిగా చూస్తే పాతిక నిమిషాలు, ఇరవై నిమిషాలు, పావుగంట. కలిపి చూస్తే గంటా యాభై కాస్తా యాభై నిమిషాలైంది. గేటు సాధారణంగా 25 నిమిషాల ముందు మూస్తారు, అంటే 12.45కి. విమానం ఆగి, తలుపు తెరిచి, వెనక వరుసల్లోంచి పిల్లలతో బయటపడి, రెండో గేటు చేరడానికి మిగిలింది పాతిక నిమిషాలు. ఆ రోజు మొదటి విమానం పది నిమిషాలు ఆలస్యం, అంతే. వీళ్ళు పరిగెత్తుకెళ్ళేసరికి గేటు మూసి ఉంది. అద్దం అవతల విమానం ఇంకా కదలనే లేదు, సామాను ఎక్కిస్తూనే ఉన్నారు. సంస్థవాళ్ళు మరుసటి సాయంత్రం విమానంలో సీట్లు ఇచ్చారు. సంవత్సరాంతపు రద్దీలో అంతకంటే ముందు ఖాళీ లేదు. నాలుగు రోజుల సెలవులో ఒకటిన్నర రోజు అక్కడే పోయింది.

మరి కంప్యూటర్ ఎందుకు హెచ్చరించలేదు? ప్రతి విమానాశ్రయానికీ మారడానికి కావలసిన కనీస సమయమంటూ ఒక లెక్క ఉంటుంది. మధ్య సమయం దానికంటే తగ్గితేనే కనెక్షన్ చెడినట్టు గుర్తిస్తుంది. ఒక్క నిమిషం ఎక్కువున్నా అంతా బాగున్నట్టే. ఆ కనీస సమయం ఒంటరిగా, చేతిలో చిన్న సంచితో చకచకా నడిచే మనిషికి సరిపోతుంది. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారితో, నిద్రపోతున్న పిల్లవాడితో వచ్చేవాళ్ళకు చాలదు. ఇక పీఎన్ఆర్‌లు రెండైతే ఆ మాత్రం లెక్క చూసే కంప్యూటర్ కూడా లేదు.

సందేశాలు రాలేదా అంటే, మూడూ వచ్చాయి. వెళ్ళింది మాత్రం టికెట్ కొన్న బావమరిది మెయిల్‌కు. ఆయన కార్డుతో కొన్నారు, ఆయన ఫోను నంబరే ఇచ్చారు. "మీ విమాన వేళలో స్వల్ప మార్పు" అని ఉంటే ఆయన కూడా స్వల్పమే కదా అనుకున్నారు. ప్రయాణం చేసేవాళ్ళ చేతిలో ఉన్నది ఆగస్టులో ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకున్న కాగితం. ఆ కాగితం మీద దిగే వేళ ఇప్పటికీ 11.40 అనే ఉంది.

కాబట్టి చేయవలసినది ఇది. టికెట్ ఎవరు కొన్నా సరే, ఫోను నంబరు, మెయిల్ ఉన్న గడిలో ప్రయాణం చేసేవాళ్ళవే ఇవ్వాలి. ఏజెంటు తన నంబరు వేస్తానంటే ఒప్పుకోవద్దు. ఇది సౌకర్యం కోసం మాత్రమే కాదు. విమానం రద్దయినప్పుడు, సరైన ఫోను వివరాలు ఇవ్వని ప్రయాణికులకు నష్టపరిహారం ఇవ్వనక్కర్లేదని విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధనల్లోనే ఉంది.

తర్వాత, ఆ ప్రింటును నమ్మడం మానేయండి. విమాన సంస్థ సొంత వెబ్‌సైట్‌లో పీఎన్ఆర్, ఇంటిపేరు కొట్టి చూడండి. టికెట్ అమ్మిన సైటులో కాదు, అక్కడ పాత వేళలే కనిపిస్తూ ఉండవచ్చు. పట్టిక మారే ఆదివారం దాటిన వారంలో ఒకసారి, నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, బయలుదేరే ముందురోజు ఒకసారి చూస్తే చాలు. చూసినప్పుడల్లా విమానం వేళ ఎంత మారిందని కాకుండా, మధ్య సమయం ఎంత మిగిలిందని లెక్కవేయండి.

అది గంటంపావు కంటే తగ్గితే ఆ రోజే సంస్థకు ఫోను చేయండి. వేళ మార్చింది వాళ్ళు కాబట్టి మరో విమానానికి ఉచితంగా మార్చమని అడగడం న్యాయమే, ఎక్కువసార్లు మారుస్తారు కూడా. "ఏదో ఒకటి చూడండి" అనకుండా, మీకు కావలసిన విమానం నంబరు ముందే చూసుకుని చెప్పండి. ఖాళీలున్నప్పుడు అడిగితే పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

సమస్య: రెండో విమానం ఎక్కబోతే "మీ టికెట్ రద్దయింది" అన్నారు

మొదటి విమానం ఎక్కలేదు కదూ? సెలవులు ముగించుకుని తిరిగి వెళ్ళేవాళ్ళకు ఎక్కువగా జరిగేది ఇది. టికెట్ విశాఖ నుంచి హైదరాబాద్, అక్కడి నుంచి పుణే. హైదరాబాద్‌లో పెళ్ళి ఉందని ముందే రైల్లో వెళ్ళిపోయి, పుణే విమానం ఎక్కవచ్చులే అనుకుంటారు. ఒకే పీఎన్ఆర్‌లో మొదటి అంచె ఎక్కకపోతే మిగతా అంచెలు వాటంతట అవే రద్దవుతాయి. పది రోజుల తర్వాతి తిరుగు ప్రయాణం అదే టికెట్‌లో ఉంటే అదీ పోతుంది. ముందే ఫోను చేసి మొదటి అంచె తీయించుకోండి. కొంత రుసుము అడగవచ్చు, ఇచ్చేయండి.

సమస్య: మనుషులం వచ్చాం, సామాను రాలేదు

విదేశం నుంచి వచ్చినవాళ్ళయితే కారణం ఇంచుమించు ఎప్పుడూ ఒకటే. సామాను మీద భువనేశ్వర్ అని చీటీ ఉన్నా, సాధారణంగా దేశంలో మొదట దిగిన చోట, అంటే ఢిల్లీలోనో ముంబైలోనో, మీరే బెల్టు మీంచి తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్ళీ అప్పగించాలి. చీటీ చూసి ధీమాగా నడిచి వచ్చేస్తే అది అక్కడే ఉండిపోతుంది. విమానం దిగకముందే సిబ్బందిని అడగండి. ఈ పనికీ, ఇమిగ్రేషన్ వరుసకూ కలిపి నాలుగు గంటలు ఉంచుకోవాలి.

దేశీయ ప్రయాణంలోనైతే పెట్టెలో పవర్ బ్యాంకు ఉందేమో చూడండి. దాన్ని చేతి సంచిలోనే తేవాలి. స్కానింగ్‌లో కనిపిస్తే పెట్టెను పక్కన పెట్టేస్తారు.

సామాను రాకపోతే విమానాశ్రయం బయటికి అడుగు పెట్టకముందే ఫిర్యాదు పత్రం రాయించి నకలు తీసుకోండి. చిరునామా దగ్గర ఏడాదిలో పదకొండు నెలలు తాళం వేసి ఉండే ఇంటి నంబరు మాత్రమే రాస్తే పెట్టె తెచ్చినవాడు వెనక్కి పట్టుకుపోతాడు. కాపలాదారు ఫోను నంబరు కూడా రాయండి. ఇంకొక మాట: ఇంటి తాళాలు, బీపీ మాత్రలు పెద్ద పెట్టెలో పెట్టవద్దు. అర్ధరాత్రి గోపాల్‌పూర్‌లో సొంత ఇంటి గుమ్మం ముందు తాళం పగలగొట్టేవాడి కోసం ఎదురుచూసిన కుటుంబాలు నాకు తెలుసు.

సమస్య: సమయం ఉంది, గేటు దొరకలేదు

టెర్మినల్ మారింది. హైదరాబాద్‌లో, కోల్‌కతాలో ఈ బాధ లేదు. ఢిల్లీలో ఒకటో టెర్మినల్‌కూ మూడో టెర్మినల్‌కూ మధ్య బస్సులోనో కారులోనో వెళ్ళాలి. ముంబైలో ఒకటీ రెండూ కూడా అంతే, ఇప్పుడు నవీ ముంబై పూర్తిగా వేరే విమానాశ్రయం. టికెట్ మీద టెర్మినల్ అంకె రెండు చోట్లా చూసుకోండి. వేరైతే మూడు గంటలకు తగ్గవద్దు.

సమస్య: విమానాలన్నీ అందాయి, ఇల్లు చేరలేదు

చివరి రైలు కూడా ఒక కనెక్షనే, పైగా ఎవరి పూచీ లేనిది. భువనేశ్వర్ నుంచి బరంపురం రోడ్డు మీద సుమారు 170 కిలోమీటర్లు, గోపాల్‌పూర్‌కు అక్కడి నుంచి మరో 16. విమానం దిగే వేళకు రెండు గంటలు కలిపి ఆ తర్వాతి రైలుకే టికెట్ తీసుకోండి. హౌరా-చెన్నై ప్రధాన మార్గం కాబట్టి రైళ్ళకు కొదవ లేదు. రాత్రి తొమ్మిది దాటి దిగేవాళ్ళు కారు ముందే మాట్లాడుకోవాలి, లేదా భువనేశ్వర్‌లోనే పడుకుని తెల్లవారి బయలుదేరాలి. పర్లాకిమిడి, రాయగడ వెళ్ళేవాళ్ళు చౌకగా దొరికిందని భువనేశ్వర్ టికెట్ కొనవద్దు. మీకు విశాఖే దగ్గర.

మిగతావి

డిసెంబరు, జనవరిల్లో ఢిల్లీ పొగమంచు: ఆ నెలల్లో ఉదయం పూట ఢిల్లీలో మారే టికెట్ కొనకండి, హైదరాబాద్ మీదుగా రండి. పక్షి తగలడం, సాంకేతిక లోపం: మీ చేతిలో లేవు. ఆరు గంటలకు మించి ఆలస్యమైతే వేరే విమానమో పూర్తి డబ్బో అడిగే హక్కు మీకుంది, ఇవ్వకపోతే విమాన ప్రయాణికుల ఫిర్యాదులకు ప్రభుత్వం పెట్టిన ఎయిర్‌సేవా వెబ్‌సైట్‌లో ఫిర్యాదు చేయండి. అక్టోబరు తుపానులు మనకు కొత్త కాదు. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2014లో హుద్‌హుద్ విశాఖ విమానాశ్రయాన్నే దెబ్బతీసింది. ప్రకృతి వైపరీత్యానికి పరిహారం రాదు. దసరాకు వచ్చేవాళ్ళు వాతావరణ శాఖ హెచ్చరిక వెలువడిన రోజే సంస్థకు ఫోను చేసి తేదీ మార్చుకోండి. విమానాలు రద్దు చేస్తున్నామని ప్రకటించాక ఆ నంబరు దొరకదు.