తుప్పు పట్టిన మంగలి కత్తికి మళ్లీ వాదర తేవడం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాత మంగలి పొదుల్లోనూ, ఇనుప సామాన్ల దుకాణాల్లోనూ మడత కత్తులు ఇంకా దొరుకుతున్నాయి. సెలూన్లు వాడి పారేసే బ్లేడ్లకు మారాక ఇవి అటకెక్కాయి. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో అయితే పైకి తుప్పు తప్ప ఏమీ కనబడదు. కానీ లోపల ఉక్కు బాగున్నవి చాలానే ఉంటాయి. వాటిని మళ్లీ గడ్డం గీసే స్థితికి తేవడం ఇంట్లో చిన్న బల్ల మీద చేసుకోదగ్గ పని. తొందర పనికిరాదు. అరగదీసిన ఉక్కు తిరిగి రాదన్నది ప్రతి దశలోనూ గుర్తుండాలి.

కత్తిలో రెండు విషయాలు అసలైనవి: వెన్ను (వాదరకు ఎదురుగా ఉండే మందపాటి వీపు) మందం, ఉక్కు పాయనం (కాల్చి చల్లార్చి ఉక్కుకు తెచ్చిన గట్టిదనం). మంగలి కత్తికి నూరే కోణాన్ని చెయ్యి నిర్ణయించదు, వెన్నే నిర్ణయిస్తుంది. నూరేటప్పుడు వెన్ను, వాదర (పదునైన అంచు) రెండూ ఒకేసారి రాయికి ఆనతాయి. 16 మి.మీ. వెడల్పు, 4.5 మి.మీ. వెన్ను ఉన్న కత్తికి కోణం సుమారు 16 డిగ్రీలు. అదే వెన్ను 3.5 మి.మీ.కి అరిగితే కోణం 12.5కి పడిపోతుంది, వాదర నిలబడదు, గీస్తుండగానే పెళుసుగా రాలిపోతుంది. అందుకే మెరుపు కోసం వెన్నును ఎమరీ పేపరుతో రుద్దకూడదు. ఇక పాయనం సంగతి. ఈ కత్తుల ఉక్కు 200 డిగ్రీలు దాటి వేడెక్కితే మెత్తబడడం మొదలవుతుంది. లేత పసుపు రంగు తేలిందంటే హెచ్చరిక, నీలం తేలిందంటే 300 డిగ్రీల దగ్గరికి పోయినట్టు. ఆ చోట ఇక పదును నిలవదు. బెంచి గ్రైండరు, బఫింగు చక్రం, చిన్న చేతి గ్రైండరు ఈ మూడింటినీ పక్కన పెట్టమని చెప్పేది ఇందుకే. పలచటి వాదర దగ్గర ఒక్క క్షణంలో రంగు మారుతుంది. పైగా బఫింగు చక్రం కత్తిని లాక్కుని విసిరేస్తుంది.

ఏ కత్తి పనికొస్తుంది

మెడ (బ్లేడుకూ శీలకూ మధ్య సన్నని భాగం) మీద ముద్ర చూడండి. జర్మనీ సోలింగెన్, ఇంగ్లండ్ షెఫీల్డ్ ముద్రలున్న కత్తులు సాధారణంగా మంచి కార్బన్ ఉక్కువి. సోలింగెన్ పేరును 1938లో జర్మనీ చట్టంతో కాపాడింది కాబట్టి ఆ తర్వాతి జర్మన్ కత్తుల మీద ఆ ముద్రకు విలువ ఎక్కువ. ముద్ర లేని నాటు కత్తులూ ఉంటాయి. వాటికి వెన్ను మీద మడమ (బ్లేడులో పిడి వైపు చివర) దగ్గర సన్నని ఆకురాయిని తేలిగ్గా ఒకసారి తోయండి. ఆకురాయి జారిపోతే ఉక్కు గట్టిది. కొరికితే మెత్తది, దాని మీద శ్రమ పెట్టకండి.

ముఖ్యంగా వెతకాల్సింది పగులు. కంటికి కనబడని పగులును పట్టడానికి ఒక పాత పద్ధతి ఉంది. బ్లేడుకు కిరసనాయిలు గానీ డబ్ల్యూడీ-40 (తుప్పు వదిలించే స్ప్రే నూనె) గానీ పూసి పది నిమిషాలు ఉంచి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి పలచగా చల్లండి. పగులు ఉంటే లోపలికి దూరిన నూనె నెమ్మదిగా బయటికి వచ్చి తెల్లటి పొడిలో వెంట్రుకంత సన్నని తడి గీత కడుతుంది. ఆ గీత వాదర నుంచి పైకి పాకితే కత్తిని గోడకు తగిలించుకోవడానికి ఉంచుకోండి, మొహం మీద పెట్టకండి.

తుప్పు తిన్న గుంటలు వెన్ను వైపు ఎన్ని ఉన్నా ఫర్వాలేదు. వాదరకు 3 మి.మీ. లోపల నల్లటి లోతైన గుంటలుంటే మాత్రం వదిలేయడం మేలు. నూరుతున్న కొద్దీ ఆ గుంట వాదరలోకి వచ్చి అక్కడ చిన్న ముక్క ఊడుతుంది. దాన్ని నూరి తీసేస్తే వెనక మరో గుంట సిద్ధంగా ఉంటుంది.

పిడి ఏమిటో కూడా ముందే తెలుసుకోవాలి. వేలితో గట్టిగా రుద్దితే కర్పూరం వాసన వచ్చేది సెల్యులాయిడ్. అది పాతబడి కుళ్లితే ఆమ్లపు ఆవిరి వదులుతుంది. పిడి కింద దాగే భాగంలోనే బ్లేడు తుప్పు పట్టిందంటే కారణం అదే. అలాంటి పిడిని వెంటనే విప్పేయండి, వేరే కత్తుల పెట్టెలో పెట్టకండి. దానికి నిప్పు అతి తొందరగా అంటుకుంటుంది కాబట్టి దీపం, బీడీ, సోల్డరింగు దగ్గర ఆకురాయి పట్టించకండి. ఏనుగు దంతం అన్న అనుమానం వస్తే కొనకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాని అమ్మకం, కొనుగోలు నేరం.

కడగడం, విప్పడం

పాత కత్తి ఎవరి గడ్డం గీసిందో తెలియదు. మొదట సబ్బునీళ్లు, పాత టూత్‌బ్రష్. తర్వాత బ్లేడు మొత్తాన్ని 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి ఆరనివ్వాలి. బ్లీచింగు ద్రావణం వద్దు, కార్బన్ ఉక్కును గంటలోపే గుంటలు చేస్తుంది. ఆల్కహాల్ సెల్యులాయిడ్‌ను పాడుచేస్తుంది కాబట్టి పిడికి తగలనివ్వకండి. కొమ్ము, చెక్క పిడుల్ని నీళ్లలో నానబెట్టకూడదు.

పని మొదలుపెట్టే ముందు వాదరకు నిలువునా మాస్కింగు టేపు రెండు పొరలు వేయండి. మొండిదనుకున్న కత్తి కూడా వేలిని ఎముక దాకా కోస్తుంది.

పిడి బిగుతుగా, బ్లేడు మధ్యలో కూర్చుంటుంటే శీల విప్పకండి. విప్పడం తేలికే, మళ్లీ అలా బిగించడమే కష్టం. పిడి పగిలిందనో, లోపల తుప్పు ఉందనో తేలితే మాత్రం ఒక వైపు శీల తలను సన్నని ఆకురాయితో వాషరు మట్టానికి అరగదీసి, 1.5 మి.మీ. పంచ్‌తో రెండో వైపు నుంచి నెట్టండి. కింద రంధ్రమున్న చెక్క దిమ్మ ఉండాలి. ఆధారం లేకుండా కొడితే ఎండిన కొమ్ము నిట్టనిలువునా చీలుతుంది. వాషర్లను పారేయకండి. బుడితి ఇత్తడి చెంబును తోమినట్టే చింతపండు, ఉప్పుతో తోమితే మెరుస్తాయి. ఆ ఉప్పు చేతులతో బ్లేడును మాత్రం ముట్టుకోకండి.

తుప్పు తీయడం

ఎర్రటి తుప్పు వేరు, నల్లటి మరక వేరు. ఎర్రది ఇంకా తింటూ ఉంటుంది, పూర్తిగా తీయాలి. నల్లది ఆగిపోయింది, ఉంచినా కత్తికి నష్టం లేదు, వయసుకు తగ్గ అందమూ ఉంటుంది.

బ్లేడును ఒక రాత్రి కిరసనాయిల్లోనో డబ్ల్యూడీ-40లోనో నాననిచ్చి, మర్నాడు నాలుగు సున్నాల స్టీల్ ఊల్‌తో అదే నూనెలో రుద్దండి. సగం కత్తులకు ఇంతకు మించి అక్కర్లేదు. లొంగకపోతే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్): లీటరు నీటికి 50 గ్రాములు. పిడి లేని బ్లేడును మాత్రమే ముంచి, ప్రతి అయిదు నిమిషాలకూ తీసి చూస్తూ, 20 నిమిషాల్లో ముగించండి. తీసిన వెంటనే లీటరుకు రెండు చెంచాల వంటసోడా కలిపిన నీళ్లలో ముంచి, మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించాలి. ఎక్కువసేపు వదిలేస్తే ఆమ్లం మంచి ఉక్కునూ తిని బూడిదరంగు గరుకు పొర మిగులుస్తుంది, పలచటి వాదరైతే రంపంలా మారుతుంది. బంగారు పూత అక్షరాలున్న కత్తికి ఈ స్నానం వద్దు, స్టీల్ ఊల్ కూడా వద్దు. మెత్తటి గుడ్డ, నూనె చాలు.

తర్వాత వాటర్ పేపరు (నంబరు పెరిగే కొద్దీ నున్నన). ఎంత నున్నటి పేపరుతో పని జరిగితే అక్కడే మొదలుపెట్టండి. గుంటలు పైపైనవైతే 600 చాలు, లోతైతే 400. అక్కడి నుంచి 800, 1000, 1500, 2000. బ్లేడును చదునైన చెక్క మీద పడుకోబెట్టి, వాదర చెక్కకు పూర్తిగా ఆనేట్టు చూడాలి. వాదర గాలిలో వేలాడితే వేలి ఒత్తిడికి వంగి విరుగుతుంది. బ్లేడు పక్కలు లోపలికి గుంతగా ఉంటాయి కాబట్టి పేపరును కార్క్ ముక్కకో, గుండ్రటి రబ్బరుకో చుట్టండి. ఒక పేపరు నిలువుగా రుద్దితే తర్వాతది అడ్డంగా రుద్దండి. ముందరి గీతలు ఒక్కటి కూడా మిగలకుండా పోయాకే పేపరు మార్చాలి. తొందరపడి మారిస్తే 400 గీతలు 2000 దగ్గర, మెరుపులో, స్పష్టంగా తేలతాయి. మళ్లీ మొదటికి రావాల్సిందే. అడ్డంగా రుద్దేటప్పుడు చేతి కదలిక ఎప్పుడూ వెన్ను నుంచి వాదర వైపు జారి బయటికి పోవాలి, వాదరకు ఎదురుగా వేళ్లు రాకూడదు.

పిడి చేసుకోవడం

ఈ విషయంలో మన జిల్లాలకు అదృష్టం ఉంది. బొబ్బిలి వీణలు పనసకర్రతోనే చేస్తారు. వీణకు పనికిరాని తునకలు కత్తి పిడికి ధారాళంగా సరిపోతాయి. గొల్లపల్లి వైపు వీణ పనివాళ్లను మర్యాదగా అడిగి, డబ్బిచ్చి తీసుకోండి. కొమ్ము కావాలంటే పాతపట్నం దాటగానే ఒడిశాలోని పర్లాకిమిడి. కొమ్ము పనికి ఆ ఊరు ఎప్పటినుంచో పేరున్నది.

ఒక్కో చెక్క 155 మి.మీ. పొడవు, 2.5 నుంచి 3 మి.మీ. మందం, నార నిలువుగా. రెంటినీ డబుల్ టేపుతో కలిపి అంటించి ఒకేసారి కోస్తే, ఒకేసారి రంధ్రం వేస్తే జత కుదురుతుంది. రంధ్రం 1.6 మి.మీ., అంచుకు కనీసం 4 మి.మీ. లోపల. అంతకన్నా దగ్గరైతే శీల కొట్టేటప్పుడు చీలుతుంది. మూసిన బ్లేడు కొన చివరి చీలిక చెక్కకు (పిడి రెండు చెక్కల మధ్య చివర పెట్టే ఆప్పు ముక్కకు) 4, 5 మి.మీ. ఇవతల ఆగాలి. ఆ చీలిక బ్లేడు వైపు 2.5 మి.మీ., చివర 1.2 మి.మీ. ఉండేట్టు వాలుగా అరగదీస్తే పిడి కొంచెం స్ప్రింగులా పట్టుకుంటుంది.

వానాకాలంలో కోసిన పనసచెక్క తేమతో ఉబ్బి ఉంటుంది. అప్పుడే బిగిస్తే ఎండాకాలానికి కుదించుకుని శీల లూజవుతుంది. కనీసం నెల్లాళ్లు ఇంట్లో నీడన ఆరనిచ్చి వాడండి. పైపూతకు అవిసె నూనె, పలచగా, రోజుకొక్క పొర చొప్పున నాలుగైదు పొరలు. ఆ నూనె గుడ్డల్ని ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే అంటుకుంటాయి. విప్పి ఆరేయండి. కొమ్ము వంకర ఉంటే మరిగే నీళ్లలో మెత్తబడేదాకా ఉంచి, రెండు చదును రేకుల మధ్య బిగించి పూర్తిగా చల్లారనివ్వాలి. కొమ్ము పొడి, చెక్క పొడి ఊపిరితిత్తులకు మంచివి కావు, మాస్కు తప్పనిసరి.

శీలకు గ్యాస్ వెల్డింగు సామాన్ల దుకాణాల్లో దొరికే 1.6 మి.మీ. ఇత్తడి రాడ్డు సరిపోతుంది, పైన ఫ్లక్స్ పూత లేనిది తీసుకోండి. గట్టిగా అనిపిస్తే సన్నగా ఎర్రబడే వరకు కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. వాషరుకు బయట 1 మి.మీ. మిగిలేట్టు కోయండి. ఎక్కువ మిగిలితే శీల లోపలే వంగుతుంది, తక్కువైతే తల పట్టదు. కంసాలి వాడే చిన్న గుండు సుత్తితో తల చుట్టూ తిప్పుతూ చిన్న చిన్న దెబ్బలు వేయాలి, నడినెత్తిన గట్టి దెబ్బ వేయకూడదు. ముందు చీలిక వైపు బిగించి, తర్వాత బ్లేడు వైపు. ప్రతి అయిదారు దెబ్బలకూ కత్తి తెరిచి చూడండి. తెరిస్తే కొంచెం బిగువు తగలాలి, తనంతట తాను జారిపడకూడదు.

నూరడం

అసలు పనితనం ఇక్కడే ఉంది. కావలసిన రాళ్లు: 1000, 4000, 8000, 12000. కత్తిపీటలు నూరే కార్బొరండం రాయి చాలా గరుకు, దాని దగ్గరికి పోవద్దు. రాయి చదునుగా ఉందో లేదో చూడడానికి పైన పెన్సిలుతో గళ్లు గీసి, అద్దం మీద పరిచిన 220 వాటర్ పేపరు మీద రుద్దండి. అన్ని గళ్లూ సమంగా చెరిగిపోవాలి. తీరప్రాంతపు బోరునీళ్లలో ఉప్పుంటుంది. రాయి తడపడానికీ కత్తి కడగడానికీ ఫిల్టరు నీళ్లు వాడండి.

వెన్ను ఇప్పటికే అరిగి ఉంటే దాని మీద ఎలక్ట్రికల్ టేపు ఒక పొర వేయవచ్చు, కోణం సుమారు ఒక డిగ్రీ పెరుగుతుంది. మొదటి రాయికి టేపు వేస్తే చివరి రాయి దాకా అదే మందం ఉండాలి. మధ్యలో తీస్తే నున్నటి రాయి వాదరను అసలు తాకదు.

వాదరలో సగం మి.మీ. లోపు పళ్లుంటే, 1000 రాయి మీద కత్తిని నిటారుగా నిలబెట్టి రొట్టె కోసినట్టు తేలిగ్గా లాగి, పళ్లు పోయాక ఆపండి. ఆ తర్వాత రెండు ముఖాలూ కలిసే గీత మళ్లీ పుట్టేదాకా నూరాలి. దానికి గంటలు పట్టవచ్చు.

వాదర ముందు నడుస్తూ, మడమ నుంచి కొన దాకా ఏటవాలుగా లాగండి. తిప్పేటప్పుడు వెన్ను మీద తిప్పండి, వాదర మీద తిప్పితే అంతవరకు చేసినదంతా పోతుంది. 1000 మీద మొదట కొంచెం ఒత్తిడి, చివర్లో కత్తి బరువు మాత్రమే. పని ఎక్కడ జరుగుతోందో తెలియాలంటే వాదర పక్కన మార్కరుతో గీసి రెండు లాగులు లాగండి. సిరా చెరగని చోట రాయి తగలడం లేదు.

1000 దగ్గర ముంజేతి వెంట్రుకలు మడమ నుంచి కొన దాకా ప్రతి అంగుళంలోనూ తెగాలి. తెగని చోటు ఒక్కటున్నా ముందుకు పోకండి. 12000 రాయి మెరిపిస్తుందే గానీ లేని వాదరను పుట్టించదు. కత్తి నూరినా గీయడం లేదంటే పది సార్లలో తొమ్మిది సార్లు తప్పు ఈ మొదటి రాయి దగ్గరే ఉంటుంది. ఆపైన 4000 మీద 40 లాగులు, 8000 మీద 40, 12000 మీద 20, ఒత్తిడి లేకుండా. ప్రతి రాయి తర్వాత పది రెట్ల భూతద్దంతో చూడండి. వాదర మీద దీపం వెలుగు చుక్కలా మెరిస్తే అక్కడ ఇంకా మొండిగా ఉంది.

చివరగా తోలు పట్టీ: 65 నుంచి 75 మి.మీ. వెడల్పు, 2 నుంచి 3 మి.మీ. మందం, మడతలూ మచ్చలూ లేనిది. గట్టి నూలుగుడ్డ మీద 25, తోలు మీద 50. ఇక్కడ వెన్ను ముందు నడవాలి, వాదర వెనక రావాలి. పట్టీ వదులుగా వేలాడితే వాదర గుండ్రబడుతుంది, బిగువుగా లాగి పట్టుకోండి.

గీసేటప్పుడు కత్తి చర్మానికి 30 డిగ్రీలు. మొదటిసారి చెంపలు మాత్రం చేయండి, గడ్డం కింద, పెదవి పైన తర్వాత చూసుకోవచ్చు. లాగుతున్నట్టు, పీకుతున్నట్టు అనిపిస్తే 8000 దగ్గరికి వెనక్కి వెళ్లండి. నున్నగా నడిచి తర్వాత మంట పెడితే తోలు పట్టీ మీద మరో 30 లాగితే సరిపోతుంది.

వాడాక కడిగి, తుడిచి, తెరిచే ఉంచి ఒక రోజంతా ఆరనివ్వండి. శీల దగ్గరి నీటి చుక్కే మళ్లీ తుప్పుకు మొదలు. చెమట వేలిముద్ర కూడా కళింగపట్నం, భీమిలి లాంటి చోట్ల ఒక్క రాత్రిలో ఎర్రబడుతుంది. కుట్టు మిషన్ నూనె ఒక చుక్క బ్లేడంతా పలచగా రాసి, సిలికా జెల్ పొట్లంతో మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టండి. తోలు సంచిలో దాచకండి, అది తేమను పీల్చి పట్టి ఉంచుతుంది. కొబ్బరి నూనె చలికాలంలో గడ్డకట్టి శీల దగ్గర జిడ్డు పేరుస్తుంది కాబట్టి అదీ వద్దు. ఆషాఢం నుంచి కార్తీకం దాకా పదిహేను రోజులకోసారి తీసి చూసి, నూనె తుడిచి కొత్తది రాయండి.