పోర్ట్రెయిట్ పాఠాలు, 4వ భాగం: ‘నేను ఫోటోల మంచిగ రాను’ అనే మనిషితో

పోయిన పాఠంలో ఒక మనిషిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, ట్యూబ్‌లైట్ ఆపేసి, వెలుగు ఒక చెంప మీద నుంచి రెండో చెంపకు ఎలా జారుతుందో చూస్తూ పది ఫోటోలు తియ్యమన్నాను. ఆ ఫోటోలు దగ్గర పెట్టుకోండి, ఇవాళ వాటితో పని పడుతుంది. ఇంకా తియ్యకపోతే ముందు అవి తీసి రండి. ఇవాళ కెమెరాతో పని తక్కువ, మనిషితో పని ఎక్కువ, వెలుగు గురించే టెన్షన్ పడుతున్నంతసేపు ఎదుటి మనిషి మీకు కనిపించడు.

హన్మకొండలో నేను ఫోటో తీస్తా అన్నప్పుడల్లా వినే మొదటి మాట ఒకటే. “వద్దన్నా, నేను ఫోటోల మంచిగ రాను.” పద్దెనిమిదేళ్ల పిల్ల అయినా, ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే ఆయన అయినా అదే మాట. దాన్ని మొహమాటం అనుకుని “అరె, ఏం కాదు రా” అని లాక్కొచ్చి కూర్చోబెడితే ఫోటో అక్కడే చెడిపోతుంది. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, వాళ్లకు నిజంగానే అలా కనిపిస్తుంది, దానికి కారణాలు ఉన్నాయి.

అద్దంతో మొదలుపెడదాం. మనకు తెలిసిన మన ముఖం అద్దంలోది, అంటే కుడి ఎడమలు తారుమారైనది. ఎవరి ముఖమూ రెండు వైపులా ఒక్కలాగ ఉండదు, ఒక కనుబొమ్మ కొంచెం పైకి ఉంటుంది, నవ్వు ఒక పక్కకు లాగుతుంది. ఫోటోలో అవన్నీ అటువి ఇటు అయ్యేసరికి తన ముఖమే తనకు కొత్తగా, వంకరగా అనిపిస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు చూసేది ఆ ముఖాన్నే కాబట్టి వాళ్లకు బాగానే ఉంటుంది. మీ పది ఫోటోల్లో ఒకటి తీసుకుని ఫోన్‌లో ఎడిట్‌లోకి వెళ్లి ఫ్లిప్ చేసి, రెండూ పక్కపక్కన పెట్టి ఆ మనిషికే చూపించండి. ఏది బాగుందో అడగండి. చాలామంది ఫ్లిప్ చేసినదే చూపిస్తారు. అప్పుడు అసలు సంగతి చెప్పండి, సగం భయం అక్కడే పోతుంది.

ఇంకొకటి దూరం. ఇది లెక్క, కాగితం మీద వేసి చూడండి. ముక్కు కొన నుంచి చెవి వరకు ముఖం లోతు సుమారు 12 సెంటీమీటర్లు అనుకుందాం. ఫోన్ ముక్కుకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవి 42 దగ్గర ఉంటుంది, అంటే చెవితో పోలిస్తే ముక్కు 40 శాతం పెద్దగా పడుతుంది. అదే ఒకటిన్నర మీటర్ల దూరం నుంచి తీస్తే 150, 162, తేడా 8 శాతమే. కొన్నేళ్లుగా సెల్ఫీల్లో తన ముక్కును చూసి చూసి బాధపడుతున్న పిల్లకు, తప్పు ముక్కుది కాదు, చెయ్యి పొడుగుది అని చెప్పేవాళ్లు లేరు. మీరు చెప్పండి. ఐదారు అడుగులు వెనక్కి జరిగి ఫోన్‌లో 2ఎక్స్ జూమ్ పెట్టండి. కెమెరా ఉంటే 50 ఎంఎం లెన్స్ చాలు, మన దగ్గర ఎక్కువమంది వాడే చిన్న సెన్సర్ (వెలుగును పట్టే చిప్) కెమెరాల మీద అది 75, 80 ఎంఎం లాగ పని చేస్తుంది, ముఖాలకు అది చక్కగా సరిపోతుంది.

ఇక గదిలో ఎవరున్నారన్నది. నా లెక్కలో లెన్స్ కంటే ఇది ముఖ్యం. ఆరో నిజాం దగ్గర ఫోటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచాడు, పరదాలో ఉండే ఆడవాళ్ల కోసం, లోపల కెమెరా పట్టుకునేది కూడా ఆడమనిషే. ఎవరి ముందు మనిషి ముఖం విప్పుకుంటుందో ఆయనకు తెలుసు. మన ఇళ్లల్లో ఇప్పటికీ ఫోటో అనగానే బావ ఒక పక్క “నవ్వు నవ్వు” అంటాడు, అత్తమ్మ చీర సర్దుతుంది, పిల్లలు వెనక నిలబడి నవ్వుతారు. కూర్చున్న మనిషిని మెల్లగా అడగండి, “ఎవరుంటే మంచిగుంటది మీకు?” అని. ఆమె చెప్పిన ఒక్కరిని ఉండమని, మిగతావాళ్లను చాయ్ పెట్టమనో, ఇంకేదో పని చెప్పో బయటికి పంపండి. కొంగు, జుట్టు మీరు ముట్టుకోవద్దు, మీ భుజం మీదే చూపించి “ఇక్కడ కొంచెం సర్దుకోండి” అనండి.

కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంట్లో ఒక అవ్వను తీశాను. కొడుకు మగ్గం మీద ఉన్నాడు, ఆమె గడప దగ్గర కూర్చుని కండెలు చుడుతోంది. కెమెరా చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ముందు పళ్లు రెండు లేవు. చెయ్యి తీయమని నేను అనలేదు. కెమెరా ఒళ్లో పెట్టుకుని కింద కూర్చుని, ఆ ఎర్ర నూలు ఎట్ల అద్దుతరు అవ్వా అని అడిగాను. చెప్పింది, కొంచెంసేపు కొంగులోంచే చెప్పింది, తర్వాత రంగు నీళ్లల్లో నూలు ముంచి పిండేది చూపించాలంటే రెండు చేతులూ కావాలి కదా, కొంగు జారిపోయింది. ముంజేతి మీద నూలు దూది అంటుకుని ఉంది, చూపుడు వేలి మీద దారం ఒరిసి ఒరిసి పడిన గీత ఉంది, గుమ్మంలోంచి వచ్చే వెలుగు ఆమె ఎడమ చెంప ముడతల్లో నిలబడింది. ఆరు ఫోటోలు తీశాను. చూపిస్తే చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత “గిది మా అమ్మ లెక్కుంది బిడ్డా” అంది. నోరు తెరిచి మాట్లాడుతున్న ఫోటో అది, లేని పళ్లు కనిపిస్తూనే ఉన్నాయి.

కాబట్టి ‘నవ్వండి’ అనే మాట మానెయ్యండి. మాట్లాడించండి, అది కూడా వాళ్లకు చేతనైన పని గురించి. మాట ఆగిన మరుక్షణం ముఖంలో ఒక నెమ్మది వస్తుంది, క్లిక్ అక్కడ కొట్టండి. గడ్డం కొంచెం ముందుకు, కొంచెం కిందికి, తాబేలు తల బయటికి పెట్టినట్టు, మీరు చేసి చూపించండి, కూర్చున్నవాళ్లకు వింతగా ఉంటుంది కానీ గొంతు కింద మడత పోతుంది. భుజాలు నేరుగా కెమెరా వైపు కాకుండా కొంచెం పక్కకు. కళ్లద్దాల్లో కిటికీ మెరుస్తుంటే చెవుల దగ్గర కాడలు కాస్త పైకి ఎత్తమనండి, అద్దం కిందికి వంగి మెరుపు పోతుంది. ఒక్క సంగతి బాగా గుర్తుపెట్టుకోండి, ఫోటో తీసి స్క్రీన్ చూసుకుంటున్నప్పుడు మీ కనుబొమ్మలు ముడిపడితే అవతలి మనిషి అది తన ముఖం గురించే అనుకుంటుంది. మీరు చూస్తున్నది ఫోకస్ కావచ్చు, ఆమెకు తెలియదు. ‘అట్ల కాదు’ అనకండి, ‘ఇది బాగుంది, ఇప్పుడు ఇంకోటి’ అనండి. మెచ్చుకుంటే ఉన్నదాన్ని మెచ్చుకోండి. ‘చాలా అందంగా ఉన్నారు’ అంటే ఎవరూ నమ్మరు, ‘అటు తిరిగినప్పుడు మీ కళ్లల్లో కిటికీ కనపడుతుంది’ అంటే మళ్లీ అటు తిరుగుతారు.

రంగు గురించి చెప్పకుండా ఈ పాఠం అవదు. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక స్టూడియోలో సంబంధాలకు పంపే ఫోటోలు తీసేవాళ్లం. ఒక అమ్మాయి తల్లి “జర తెల్లగ చెయ్యి బిడ్డా” అంటే చేశాను, బాగా చేశాననే అనుకున్నాను. అమ్మాయి ప్రింట్ చూసి తల్లితో, “ఇది పంపి, రేపు వాళ్లొచ్చి నన్ను చూస్తే?” అంది. అంతే, ఇంకేమీ అనలేదు. ఆమె ముఖం నచ్చలేదని ఆమె ముఖం మీదే చెప్పినట్టయింది నేను చేసిన పని. అందుకే ఫోన్‌లో బ్యూటీ మోడ్ ఆఫ్ చెయ్యడం ఈ పాఠాల్లో షరతు. రీటచ్‌లో నేను పెట్టుకున్న హద్దు కూడా చెప్తాను, రెండు వారాల్లో పోయే మొటిమ తీసేస్తాను, పుట్టుమచ్చ, పాత గాయం గుర్తు ఆ మనిషి అడిగితే తప్ప ముట్టుకోను.

చామనఛాయ, నలుపు ముఖాలు ఫోటోలో మసిబారడానికి ఎక్కువసార్లు కారణం వెనక ఉన్న తెల్ల సున్నం గోడ. కెమెరా ఆ తెలుపును చూసి వెలుగు తగ్గించేస్తుంది, దాంతో ముఖం మునిగిపోతుంది. ఫోన్‌లో ముఖం మీద వేలు పెట్టి సూర్యుడి గుర్తును కొంచెం పైకి జరపండి, కెమెరాలో అయితే ఎక్స్‌పోజర్ ప్లస్ 0.7 నుంచి 1 వరకు పెట్టి చూడండి, లేదంటే గోడే మార్చెయ్యండి. అంతకంటే ముఖ్యమైనది వెలుగు వచ్చే దిక్కు. పాలంపేటకు వెళ్లి 1213 నాటి రామప్ప గుడి చూరు కింద ఉన్న మదనికలను, అంటే ఆ ఆడవాళ్ల శిల్పాలను చూడండి. నల్లరాయి, నున్నగా చెక్కింది, దాన్ని ఎవరూ తెల్లగా చెయ్యలేదు. అయినా నడుము వంపు, మెడలో హారం అంత స్పష్టంగా ఎట్ల కనిపిస్తున్నాయంటే పక్క నుంచి వచ్చే వెలుగు ఆ నునుపు మీద సన్నని మెరుపుగా నిలబడుతుంది కాబట్టి. నల్లని చర్మానికీ అదే. ముఖానికి ఎదురుగా ఫ్లాష్ కొట్టకుండా, పక్కన ఒక పెద్ద థర్మాకోల్ షీట్ పెట్టి దాని మీద నుంచి వెలుగు మళ్లించండి. నుదురు మీద చెమట, నూనె రుమాలుతో అద్దండి, చెంప ఎముక మీద మెరుపు మాత్రం ఉంచండి. ఆ మదనికలు ఒక్కరూ తిన్నగా నిలబడలేదని కూడా చూడండి, బరువు ఒక కాలి మీదే ఉంటుంది. నిలబడి తీయించుకునేవాళ్లకు ఆ ఒక్క మాట చెప్తే చాలు.

ఈ వారం పని. మీ ఇంట్లోనో వాడకట్టులోనో ఫోటో అంటే ముఖం తిప్పుకునే మనిషి ఒకరు ఉంటారు కదా, వాళ్లను అడగండి. ఒప్పుకోకపోతే బలవంతం వద్దు, ఇంకొకరిని అడగండి. అరగంట పెట్టుకుని మొదటి పది నిమిషాలు కెమెరా ఒళ్లోనే ఉంచండి. ఇరవై ఫోటోలకు మించి తియ్యకండి, అందులో మూడే చూపించండి, చూపించేటప్పుడు స్క్రీన్ కాదు, వాళ్ల ముఖం చూడండి. వాళ్లు మొదట అన్న మాట ఏదైతే అది, వాళ్ల భాషలోనే, పుస్తకంలో రాసుకోండి. వచ్చే పాఠం చేతుల మీద, అప్పుడు ఆ పుస్తకం తెచ్చుకోండి.