అవగాడ్రోలో చిన్న చిన్న అణువులు కట్టడం ఎలా

ఇంటర్ కెమిస్ట్రీలో ఎస్పీ3 (మీథేన్‌లోలాగా కార్బన్ నాలుగు వైపులా ఒక్కో బంధం పెట్టుకునే తీరు) అనగానే బంధాల మధ్య కోణం 109.5 డిగ్రీలు అని టక్కున చెప్పేవాళ్ళలో చాలామంది మీథేన్‌ని ఒక్కసారి కూడా తిప్పి చూసి ఉండరు. అవగాడ్రో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఆ లోటు తీరుతుంది. విండోస్, మ్యాక్, లినక్స్ దేనికైనా దొరుకుతుంది.

తెరవగానే పెన్సిల్ బొమ్మ ఉన్న డ్రా టూల్ తీసుకోండి. ఎలిమెంట్ దగ్గర ఆక్సిజన్ ఎంచుకుని, అడ్జస్ట్ హైడ్రోజన్స్‌కి (కావాల్సిన హైడ్రోజన్లని అదే పెట్టే ఆప్షన్) టిక్ ఉందో లేదో చూసుకుని, ఖాళీ తెర మీద ఒక్క క్లిక్ చేస్తే చాలు, ఎర్ర గుండుకి రెండు తెల్ల గుండ్లు అతుక్కుని నీటి అణువు వచ్చేస్తుంది. కార్బన్ పెట్టి క్లిక్ చేస్తే మీథేన్. ఆ కార్బన్ మీద నొక్కిపట్టి పక్కకి లాగితే ఈథేన్. తప్పు చోట పడిన పరమాణువుని రైట్ క్లిక్ చేస్తే పోతుంది.

ఇక్కడే చాలామంది ఆగిపోయి స్క్రీన్‌షాట్ తీసేసుకుంటారు. ఆగకండి, ఎందుకంటే ఇప్పటిదాకా మీరు చూస్తున్నది మీ చెయ్యి ఎంత లాగితే అంత పొడవు వచ్చిన బొమ్మ, అంతే. ఎక్స్‌టెన్షన్స్ మెనూలో ఆప్టిమైజ్ జామెట్రీ నొక్కండి, శక్తి తక్కువయ్యేలా పరమాణువుల్ని అదే సర్దుతుంది (వెర్షన్‌ని బట్టి ఇది ఒక మెనూ లోపలికి జరిగి ఉండొచ్చు). ఫోర్స్ ఫీల్డ్ (అణువు శక్తిని లెక్కగట్టే సూత్రాల సెట్టు) అడిగితే మామూలు కర్బన పదార్థాలకి ఎంఎంఎఫ్ఎఫ్94 పెట్టండి. తర్వాత మెజర్ టూల్‌తో రెండు కార్బన్లనీ వరసగా క్లిక్ చేస్తే దూరం కనిపిస్తుంది, ఈథేన్‌లో అది 1.5 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటర్‌లో వెయ్యి కోట్లవ వంతు) దాటి కాస్త ఉండాలి. కోణం కావాలంటే మూడు పరమాణువులు, మధ్యలోది రెండోసారి క్లిక్ చేయాలి.

ఇప్పుడు డ్రా టూల్‌తో ఆ బంధం మీదే క్లిక్ చేయండి, ద్విబంధంగా మారి రెండు హైడ్రోజన్లు వాటంతటవే తప్పుకుంటాయి. మళ్ళీ ఆప్టిమైజ్ చేసి కొలవండి, 1.34 దగ్గరికి వస్తుంది, అణువంతా పలక మీద పెట్టినట్టు చదును అవుతుంది. ఇంకో క్లిక్‌తో ఎసిటిలీన్, 1.20.

ఆరు కార్బన్ల వలయమైన సైక్లోహెక్సేన్ మాత్రం చేత్తో గీస్తే కాస్త మోసం చేస్తుంది. ఆప్టిమైజర్ ఎప్పుడూ శక్తి తగ్గే వైపే జారుతూ దగ్గర్లో దొరికిన పల్లంలో ఆగిపోతుంది కాబట్టి ఒక్కోసారి కుర్చీ రూపానికి బదులు మెలితిరిగిన పడవ రూపంలో ఇరుక్కుంటుంది, దాని శక్తి మోల్‌కి సుమారు 23 కిలోజౌల్స్ ఎక్కువ. పక్క నుంచి తిప్పి చూస్తే తెలిసిపోతుంది. అలా వస్తే ఒక కార్బన్‌ని పైకో కిందికో జరిపి మళ్ళీ ఆప్టిమైజ్ చేయండి, లేదా బిల్డ్ మెనూలో ఇన్సర్ట్ స్మైల్స్ (అణువుని అక్షరాల్లో రాసే పద్ధతి) తెరిచి ఆ అణువు కోడ్ టైప్ చేయండి. ఇథనాల్‌కైతే సీ, సీ, ఓ అంతే, హైడ్రోజన్లు రాయక్కర్లేదు. అక్షరాలు క్యాపిటల్‌లోనే కొట్టాలి, చిన్న సీ అంటే బెంజీన్ వలయంలో ఉండేలాంటి ఆరోమాటిక్ కార్బన్ అని దాని లెక్క.