తల్లికి లూపస్, బిడ్డకు ఆయాసం: ఆరోగ్యశ్రీ చికిత్సకు దరఖాస్తు విధానం (తెలంగాణ)

తల్లికి లూపస్ (రోగనిరోధక శక్తి సొంత శరీరంపైనే దాడి చేసే జబ్బు), యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ (రక్తం త్వరగా గడ్డకట్టే జబ్బు), మయస్థీనియా గ్రావిస్ (కండరాలు బలహీనపడే జబ్బు) లాంటివుంటే బిడ్డకు పుట్టిన గంటల్లోనే వెంటిలేటర్ అవసరం పడొచ్చు. అప్పుడు కాగితాల కోసం తిరగడం కుదరదు. ఏడో నెలలోనే సగం పని ముగించుకోండి.

ముందుగా ఆహార భద్రత కార్డు. తల్లి పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉంటే ఇప్పుడే మీసేవలో మార్పుకు పెట్టండి. తర్వాత ఆరోగ్యశ్రీ హెల్ప్‌లైన్ 104కు ఫోన్ చేసి, ప్రసవం జరిగే ఆసుపత్రికి నవజాత శిశు చికిత్సకు కూడా ఆరోగ్యశ్రీ అనుమతి ఉందో లేదో అడగండి. కాన్పుకు ఉండి, శిశువుకు లేని ఆసుపత్రులుంటాయి.

ఇక డాక్టరుతో ఒక పేజీ రాయించుకోండి. ఫైలంతటిలో విలువైనది ఇదే. తల్లి జబ్బు, వాడే మందులు, యాంటీ-రో, యాంటీ-లా (బిడ్డ గుండెను దెబ్బతీయగల యాంటీబాడీలు) రక్త పరీక్షల ఫలితాలు, నెలలు నిండకముందే కాన్పు వచ్చేలా ఉంటే బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ డెక్సామెథసోన్ (6 మి.గ్రా., 12 గంటలకోసారి, 4 డోసులు) పడిన తేదీ, సమయం అందులో ఉండాలి. తల్లి రోజూ ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర వేసుకుంటోంది కదా అని ఈ ఇంజెక్షన్లు మానకూడదు; ప్రెడ్నిసోలోన్‌ను మాయ (ప్లాసెంటా) చాలావరకు నిర్వీర్యం చేస్తుంది, బిడ్డ ఊపిరితిత్తులకు అందేది తక్కువ. యాంటీ-రో ఉంటే బిడ్డకు ఈసీజీ కూడా తీయాలి, ఆయాసం గుండె నుంచి రావచ్చు. మయస్థీనియాలో బిడ్డ ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది, బలహీనపడేది కండరాలు. తల్లి జబ్బు రాయకపోతే వెంటిలేటర్ ఎందుకని అనుమతి ఇచ్చేవాళ్ల నుంచి ప్రశ్న వస్తుంది.

బిడ్డ పుట్టాక ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను (ఆరోగ్యశ్రీ రోగులకు సాయపడే ఉద్యోగిని) కలవండి. బిడ్డ పేరు కార్డులో లేకున్నా తల్లిదండ్రుల కార్డు, ఆసుపత్రి ఇచ్చే జనన ధ్రువీకరణతో నమోదవుతుంది. అత్యవసరమైతే ఆసుపత్రి ఫోన్‌లోనే అనుమతి తీసుకుని చికిత్స మొదలుపెట్టొచ్చు. ఎక్స్‌రే, రక్త పరీక్షలు, బరువు, గర్భవారాల వివరాలు తర్వాత ఆన్‌లైన్‌లో పెడతారు. కుటుంబానికి ఏడాది పరిమితి 10 లక్షలు.

అడ్వాన్స్ కట్టమంటే కట్టేముందు 104కు చెప్పండి. ఇది నగదు రహిత పథకం, కట్టిన డబ్బు వెనక్కి రాబట్టుకోవడం కష్టం.

కార్డే లేదా? హైదరాబాద్‌లోని నీలోఫర్ లాంటి ప్రభుత్వ ఆసుపత్రిలో జననీ శిశు సురక్ష అనే కేంద్ర పథకం కింద చికిత్స ఉచితం. తరలించాల్సి వస్తే ఆక్సిజన్ ఉన్న 108లోనే తీసుకెళ్లండి.

డిశ్చార్జి రోజు 10 రోజుల మందులు అడిగి తీసుకోండి, అవీ ప్యాకేజీలోనివే. జనన నమోదుకు గడువు 21 రోజులు.